కదిలిన చెంచా

ఏజెంట్ పిచ్చుకకు చావంటే పెద్ద భయం లేదు. ఆమె భయమల్లా ఒక్కటే. తన బిడ్డ వేరెవరి చంకలోనో గుక్కపట్టి ఏడుస్తుంటే, ఆ ఏడుపు చెవిన పడుతున్నా తను అందుకోలేకపోవడం.

ఆ సంగతి డిపార్ట్‌మెంట్‌లో అందరికీ తెలుసు. తెలిసే, పదకొండు నెలల పాపతో సహా విమానం ఎక్కించారు.

"చంటిపిల్ల తల్లిని ఎవరూ గట్టిగా సోదా చెయ్యరమ్మా. ఇంతకంటే మంచి మారువేషం మన స్టోర్స్‌లో లేదు" అన్నాడు బాస్. పాపను చూసుకునే అత్తగారికి కంటి ఆపరేషన్ అయింది. పిచ్చుక ఒప్పుకుంది. ఒప్పుకున్నందుకు దారిపొడవునా తనను తానే తిట్టుకుంది.

ఉదయం తొమ్మిదిన్నరకు విమానం దిగి, ఎయిర్‌పోర్టులో తల్లుల గదిలో, పాలపొడి డబ్బా మూత తీసింది. చెయ్యి ఆగిపోయింది. చెంచాను ఆమె ఎప్పుడూ కాడ పైకి ఉండేలా పొడిలో గుచ్చుతుంది. ఇప్పుడది పడుకుని ఉంది. పొడిని ఎవరో అరచేత్తో అదిమినట్టుంది. రెండో ఆలోచన లేకుండా డబ్బాను చెత్తబుట్టలో పడేసి, సంచి అడుగున ఉన్న సీలు తియ్యని ప్యాకెట్ చించి పాలు కలిపింది.

పాప తాగుతుండగా చెవికమ్మలోని ట్రాన్స్‌మిటర్‌లో, ముందురోజే ఈ ఊరొచ్చిన బాస్ గొంతు పలికింది.

"పిచ్చుకా, పదకొండుకల్లా హోటల్‌కి చేరాలి. రూమ్ 714. ముఠాలో మన మనుషులు పన్నెండు మంది ఉన్నారు. వాళ్ల పేర్లున్న చిప్ నీ సామానులోనే ఉంది. అది ముఠా చేతికి పోతే పన్నెండు మందీ ఈ రాత్రి దాటరు."

"నా సామానులో ఎక్కడ సార్?"

"నీకు తెలియకపోతేనే సేఫ్."

"బిడ్డను పెట్టుకుని ఉన్నానండీ. ముందు చెప్పాలి కదా."

"చెబితే వచ్చేదానివా?" లైన్ కట్ అయింది.

బయట నెరిసిన మీసాల హోటల్ డ్రైవర్ బోర్డు పట్టుకుని నిలబడ్డాడు. "ఏసీ తగ్గించమంటారా అమ్మా? ఈ మాట తప్పకుండా అనమన్నారు. ఎందుకో నాకు తెలీదు."

"వద్దు బాబాయ్, పాపకు ఉక్కపోస్తుంది." కోడ్ కలిసింది.

ఆయన పాపను చిన్న సీట్లో కూర్చోబెట్టి, బెల్టు రెండుసార్లు లాగి చూశాడు. "ఇందులో ఏడవకుండా కూర్చున్న బిడ్డను ఇంతవరకు చూళ్లేదు. ఈవిడగారు కూడా మొదలెడతారు చూడండి."

ఫ్లైఓవర్ దిగాక సిగ్నల్ దగ్గర వెనక తలుపు తెరుచుకుంది. ముందు సెంటు వాసన వచ్చింది, తర్వాత మనిషి వచ్చింది. డిపార్ట్‌మెంట్‌లో అందరూ జవ్వాది అని పిలుచుకునే అందగత్తె. పట్టు జాకెట్టు, ఎర్రగోళ్లు.

"బాస్ ఎస్కార్ట్‌గా పంపారు. అబ్బ, ఎంత ముద్దుగా ఉందో" అంటూ పాప బెల్టు విప్పి ఒళ్లోకి లాక్కుంది. మరుక్షణం చిన్న పిస్టల్ బయటికొచ్చింది. "పాలడబ్బా ఇటివ్వు."

"ఏ డబ్బా?"

"నీకు చెప్పలేదా, పిచ్చిమొహమా? మీ టెక్నీషియన్లు చిప్‌ను పాలపొడిలో పూడ్చారు. నేనే దగ్గరుండి చూశాను."

పిచ్చుకకు ఒళ్లంతా మండిపోయింది. ఎదురుగా పిస్టల్ పట్టుకున్నదానిమీద కంటే, తన బిడ్డ తాగే పాలలో చెయ్యి పెట్టినవాళ్లమీద ఎక్కువ మండింది.

"పారేశాను."

"కథలు చెప్పకు."

"చెంచా కదిలింది. ఎవరు కెలికారో తెలియని పొడి నా బిడ్డకు పడతానా? పిల్లల తల్లుల్లో ఎవరినైనా అడుగు. మీరు అడగరు. మీకెవరికీ తట్టదు."

జవ్వాది కాలర్‌లోని మైకులోకి గొణిగింది. "తల్లుల గది, చెత్తబుట్ట. వెళ్లండి." తర్వాత డ్రైవర్‌తో, "కారు పక్కకు తియ్యి. డబ్బా దొరికేదాకా పిల్ల నాతో ఉంటుంది."

కారు ఆగింది. జవ్వాది పాపతో దిగింది. పాప గుక్కపట్టింది. నాలుగడుగుల దూరంలో ఏడుపు. మధ్యలో పిస్టల్. పిచ్చుక కూడా దిగి, కారు తలుపు పట్టుకుని ఆగింది.

పాప భళ్లున కక్కింది. పాలన్నీ పట్టు జాకెట్టుమీద.

"ఛీ" అంటూ జవ్వాది పాపను దూరంగా పట్టుకుంది. అంతే చాలు. డ్రైవర్ బాబాయ్ దూకి పాపను లాక్కున్నాడు. పిస్టల్ పేలింది. ఆయన కుడి భుజం ఎర్రబడింది. కూలబడుతూ కూడా ఎడమచేత్తో పాపను నేలకు తగలనివ్వలేదు. పిచ్చుక గాజు తిప్పింది. అందులోని మత్తు స్ప్రే మొహం నిండా పడి జవ్వాది స్పృహ తప్పింది.

అంబులెన్స్ వచ్చేలోగా పిచ్చుక బాస్‌కు చెప్పింది. "చిప్ ఎయిర్‌పోర్టు చెత్తలో ఉంది. చెత్తంతా పదకొండింటికి నలగ్గొట్టే ప్రెస్‌లోకి పోతుందని బుట్టమీదే రాసుంది. ముఠావాళ్లు బయల్దేరారు. మీరూ వెళ్లి ఏరుకోండి. నేను రాను."

బాస్ సూట్‌తోనే పరుగెత్తాడు. క్లీనర్ యూనిఫాం వేసుకొచ్చిన ముఠా మనిషిని పోలీసులు గేటు దగ్గరే పట్టుకున్నారు. బాస్‌ను మాత్రం చెత్త సూపర్‌వైజరమ్మ ఆపింది. "ఐడీ చూపించకుండా నా చెత్త ముట్టుకోనివ్వనయ్యా." ఐడీ చూపించి, మోకాళ్లలోతు డైపర్లలో దిగాడు. ప్రెస్ ఇనుప పలక డబ్బాకు నాలుగు వేళ్ల ఎత్తులో ఉండగా సూపర్‌వైజరమ్మ ఎర్రబటన్ నొక్కింది. పన్నెండు ప్రాణాలు నిలిచాయి.

పిచ్చుక హోటల్ కారును తనే నడిపి 714కి వెళ్లింది. బాస్ వచ్చేసరికి మధ్యాహ్నమైంది, వాసన ఆయనకంటే ముందొచ్చింది.

"వెల్‌డన్" అన్నాడు.

"ఇంకోసారి నా బిడ్డ వస్తువు ముడితే మీ చేతులు మీకు మిగలవు సార్."

ఆయన రిపోర్టులోకి తలదించుకున్నాడు. 'ఒక హోటల్ వాహనం సీటుమీద రక్తపు మరకలు' అని అందులో ఉంది. అవి ఎవరివో లేదు. డిపార్ట్‌మెంట్ బయటి మనిషిని చూడ్డానికి ఆసుపత్రికి వెళ్లకూడదని రూలట. ఆ సాయంత్రమే పిచ్చుకను తిరుగు విమానం ఎక్కించారు.

డ్రైవర్ బాబాయ్ పెద్దాసుపత్రి ఎముకల వార్డులో, కిటికీ పక్క మంచంమీద ఉన్నాడు. ఇంతవరకు ఎవరూ రాలేదని నర్సు అంటోంది. మీరు అటువైపు వెళ్తే ఒక్కసారి తొంగిచూడండి. భుజం ఎలా ఉందంటే బాగుందనే అంటాడు. నమ్మకండి, చెయ్యి ఎత్తి చూపించమనండి.