నూట నలభై ఒకటో బంతి

సోమవారం పొద్దున ఎనిమిది కాకముందే కాన్‌రాడ్ బ్లేజెక్ టై కట్టుకుని వంటింటి బల్ల దగ్గర కూర్చున్నాడు. డెబ్భై నాలుగేళ్ళ మనిషి. జూన్ నెల తర్వాత ఆయన మెడలోకి టై రావడం ఇదే మొదటిసారి. కూతురు మార్నీ పొయ్యి దగ్గర నిలబడి గుడ్లు వేయిస్తోంది. అల్లుడు కర్టిస్ హాలక్ ఎదురు కుర్చీలో కూర్చుని, కాఫీ కప్పును రెండు చేతులతో పట్టుకుని, అందులోకే చూస్తున్నాడు.

కాన్‌రాడ్ పేపరు మడిచి గొంతు సవరించుకున్నాడు.

"విన్నావా మార్నీ? 'తాత్కాలిక మేనేజర్ హాలక్‌కి ఉద్యోగం ఖాయం చేయవచ్చునా?' అని రాశాడు. తాత్కాలికమట! ఎంత ముచ్చటగా అచ్చేశాడో చూడు."

"తినండి నాన్నా, చల్లారిపోతున్నాయి."

"తింటాలే. ఏమోయ్ తాత్కాలికం, ఆ ఉప్పు ఇలా తొయ్యి."

కర్టిస్ ఉప్పు జరిపాడు. "ఇదిగో బాస్."

"బాస్ అనకు. బాసువి నువ్వు కదా ఇప్పుడు! మామగారి కుర్చీ ఇంకా వెచ్చగా ఉండగానే ఎక్కి కూర్చున్నావు. తిన్నింటి వాసాలు లెక్కపెట్టేవాణ్ణి చూశాను గానీ, వాసాలు పీకి అమ్ముకున్నవాణ్ణి నిన్నే చూశాను."

కర్టిస్ మళ్ళీ కాఫీ కప్పు అందుకున్నాడు. మార్నీ పెనం మీద గుడ్డును అక్కర్లేకపోయినా మరోసారి తిరగేసింది.

మిల్బర్న్ ఊళ్ళో బేస్‌బాల్ అంటే హెరన్స్ జట్టు, హెరన్స్ అంటే ఇరవై రెండేళ్ళపాటు కాన్‌రాడ్ బ్లేజెక్. ఎవరిని ఆడించాలి, ఎవరిని బెంచీ మీద కూర్చోబెట్టాలి, బంతులు విసిరి అలిసిపోయిన పిచర్‌ని ఏ బంతి తర్వాత మార్చాలి, అన్నింటికీ ఆయన మాటే శాసనం. కర్టిస్ ఆయన దగ్గర ఆటగాడిగా చేరాడు, ఆయన కూతుర్ని చేసుకున్నాడు, మోకాళ్ళు దెబ్బతిన్నాక పదకొండేళ్ళు సహాయకుడిగా బెంచీ మీద ఆయన పక్కనే కూర్చున్నాడు. భార్య పోయాక కాన్‌రాడ్ ఈ ఇంటికే వచ్చేశాడు. మొన్న జూన్‌లో జట్టు వాళ్ళు ఆయన్ని ఇంటికి పంపి, సీజన్ అయ్యేవరకూ చూడమని ఆ కుర్చీ కర్టిస్‌కి ఇచ్చారు. కర్టిస్ చేతికి వచ్చాక జట్టు యాభై ఒక్క ఆటలాడి ముప్పై నాలుగు గెలిచింది. నిన్న ఆఖరి ఆట ఒక్క పరుగు తేడాతో పోయింది, దాంతో చివరి అంకానికి వెళ్ళే అవకాశమూ పోయింది. ఇక మంగలి షాపులో, చర్చి మెట్ల మీద, పెట్రోలు బంకులో ఒకటే తగువు: వీణ్ణి ఉంచాలా, కొత్తవాణ్ణి తేవాలా?

ఆ తగువు తీర్చే మనిషి ఇవాళ పదకొండింటికి ఇంటికి రాబోతోంది. జట్టు యజమానురాలు ఆడలైన్ ఫ్రిచ్. "ఇరవై రెండేళ్ళు నా జట్టుని మోసిన మనిషి. ఆయన మాట వినకుండా ఎవరికీ ఇవ్వను" అని ఫోన్‌లో చెప్పింది. కాన్‌రాడ్ టై కట్టింది అందుకే.

కర్టిస్ వెనక వరండాలోకి వెళ్తే మార్నీ వెంట వెళ్ళింది.

"ఒక్క మాటైనా తిరిగి అనవేం? రాయిలా కూర్చుంటావేం?"

"అననీ. నన్ననడం తప్ప ఆయనకిప్పుడు ఇంకేం పని మిగిలింది?"

"ఇవాళ ఆవిడ ముందు కూడా అంటారు. ఉద్యోగం పోతుంది."

"పోతే పోతుంది."

మార్నీ పెదవి దాకా వచ్చిన మాటను మళ్ళీ మింగేసింది. మూడు నెలలుగా మింగుతూనే ఉంది. తండ్రి గురించి ఆఫీసుకి చెప్పింది కర్టిస్ అని ఊరంతా అనుకుంటోంది, కాన్‌రాడ్ అయితే ఒట్టేసి మరీ అంటున్నాడు. చెప్పింది మార్నీ.

జూన్‌లో ఆ రోజు ఆమె ప్రేక్షకుల్లో ఉంది. డొమినికన్ దేశం నుంచి వచ్చిన ఇరవై రెండేళ్ళ పిచర్ ఎలాడియో బంతులు వేస్తున్నాడు. వందకి దగ్గర పడ్డాక ఎవరైనా పిచర్‌ని మారుస్తారు. తండ్రి మార్చలేదు. నూట పది, నూట ఇరవై, నూట ముప్పై. ఆయన ఒడిలో చేతులు పెట్టుకుని, పార్కులో కూర్చుని పావురాలని చూసే మనిషిలా చూస్తున్నాడు. నూట నలభై ఒకటో బంతికి ఎలాడియో మోచెయ్యి పట్టుకుని నేల మీద కూలబడ్డాడు. ఇంటికొస్తూ కారులో తండ్రి, "మీ అమ్మ ఇంటికెళ్ళిపోయిందా?" అని అడిగాడు. అమ్మ పోయి నాలుగేళ్ళు. మర్నాడు పొద్దున్నే మార్నీ ఆడలైన్‌కి ఫోన్ చేసింది. మర్యాదగా, పూలదండ వేసి పంపిస్తారనుకుంది. వాళ్ళు ఆ సాయంత్రమే తాళాలు లాక్కున్నారు. తన పేరు బయటపెట్టొద్దని ఆమె బతిమాలుకుంది. ఆ రోజు నుంచి తండ్రి తిట్లన్నీ కర్టిస్ తింటున్నాడు, ఆమె వడ్డిస్తోంది.

పదకొండింటికి ఆడలైన్ వచ్చింది. డెబ్భై దాటినా నిటారుగా నడిచే మనిషి. కాఫీ అందుకుని, మరో మాట లేకుండా విషయానికి వచ్చింది.

"కాన్‌రాడ్, సూటిగా అడుగుతున్నా. కర్టిస్ ఈ ఉద్యోగానికి తగినవాడేనా?"

కాన్‌రాడ్ వెనక్కి వాలాడు. ఆ క్షణంలో ఆయన పాత కాన్‌రాడే.

"యాభై ఒకటిలో ముప్పై నాలుగు గెలిచాడంటున్నారు. గెలిచిన ముప్పై నాలుగూ నేను తయారుచేసిన జట్టు గెలిచింది. ఓడిన పదిహేడూ వీడివి. వీడు ఆటగాళ్ళని తిట్టడు, బుజ్జగిస్తాడు. నిన్నటి ఆట చూశారా? ఎడంచేతివాడు రావలసిన చోట కుడిచేతివాణ్ణి దింపాడు. ఎందుకు? పక్కన పెడితే వాడు బాధపడతాడని! ఇది మేనేజరు పనా, ఆయా పనా?"

ఆడలైన్ కర్టిస్ వైపు చూసింది. "నిజమేనా?"

"నిజమే. ఆ తప్పు నాదే" అన్నాడు కర్టిస్.

"అది చిన్న తప్పు, వదిలెయ్యండి" అన్నాడు కాన్‌రాడ్. గొంతు మెత్తబడింది, మాట పదునెక్కింది. "అన్నం పెట్టి, పని నేర్పి, పిల్లనిచ్చిన వాడి వెన్నులో కత్తి దింపినవాడు వీడు. సొంత మామని అమ్ముకున్నవాడికి మీ జట్టొక లెక్కా? కుక్కకి ఉన్న విశ్వాసం లేదు వీడికి. నా కూతురు ఏం పాపం చేసిందో, ఇలాంటివాణ్ణి..."

"నాన్నా, ఆపండి!"

కప్పు ఆమె చేతిలోంచి జారి సింకులో పగిలింది.

"చెప్పింది నేను. ఫోన్ చేసింది నేను. అడగండి, ఆవిడ ఇక్కడే ఉన్నారుగా!"

కాన్‌రాడ్ ఆడలైన్ మొహంలోకి చూశాడు. ఆవిడ తల దించుకుంది. అక్కడితో ఆగితే సరిపోయేది. కానీ మూడు నెలల మాటలకి ఒక్కసారిగా గేటు తెరుచుకుంది, మార్నీ ఆపుకోలేకపోయింది.

"మీకు తెలివి తప్పుతోంది నాన్నా! అమ్మ ఇంటికెళ్ళిందా అని అడిగారు నన్ను. లేని మైదానానికి దారి చెప్పారు నాకు. నూట నలభై ఒక్క బంతులు వేయించారు ఆ కుర్రాడి చేత! వాడి చెయ్యి పోయింది. మీరు పావురాలు చూస్తున్నట్టు కూర్చున్నారు!"

"నూట నలభై ఒకటా?" అన్నాడు కాన్‌రాడ్. ఆ సంఖ్య మొదటిసారి విన్నట్టే ఉంది ఆయన మొహం. "వాడే ఆడతానన్నాడు కదా."

"వాణ్ణి ఎవరూ అడగలేదు. మీరు లేచి వాడి దగ్గరికి కూడా వెళ్ళలేదు."

పరాయి మనిషి ముందు తండ్రి బట్టలూడదీసినట్టయింది. అన్నాక గానీ తనేం చేసిందో మార్నీకి తెలియలేదు. ముసలాయన టై ముడి సర్దుకున్నాడు, మళ్ళీ వదులు చేశాడు, మళ్ళీ సర్దుకున్నాడు. తర్వాత మెల్లగా అల్లుడి వైపు తిరిగాడు.

"మార్నీ చెప్పిందని నీకు తెలుసా?"

"తెలుసు బాస్. ఆవిడ నాకు ఉద్యోగం ఇచ్చిన రోజే చెప్పారు."

మార్నీ భర్త వైపు తిరిగింది. "నీకు తెలుసా?"

కర్టిస్ ఆమెని చూడలేదు, మామనే చూస్తున్నాడు. "నా మీద కోపమొస్తే గది తలుపేసుకుని పడుకుంటారు. కూతురి మీద వస్తే ఏ ఇంటికి పోతారు? అందుకే నేనే చెప్పానని అనుకోనిచ్చాను."

మార్నీ అక్కడే కుర్చీలో కూలబడి, అరచేతుల్లో మొహం దాచుకుని ఏడ్చింది. కానీ కాన్‌రాడ్ కళ్ళు చెమర్చలేదు. ఆయన కళ్ళల్లో ఏదో లెక్క తేలుతోంది.

"నోరు మూసుకోవడం నీకు బాగా అలవాటురా కర్టిస్" అన్నాడు. "నాకు గుర్తు లేదు, సరే. ఆ రోజు బెంచీ మీద నా పక్కన కూర్చున్నది ఎవరు?"

కర్టిస్ కుర్చీ అంచుకి జరిగాడు.

"బంతులు లెక్కపెట్టడం నీ పని కాదూ? వందప్పుడు నీకు తెలుసు. నూట ఇరవై అప్పుడు తెలుసు. నాకేమైందో కూడా తెలుసు. ఏం చేశావు?"

"నూట పదప్పుడు చెప్పాను బాస్. నోరు ముయ్యమన్నారు."

"మూసుకున్నావా?"

"మూసుకున్నాను."

"ఎందుకు?"

"ఇరవై ఏళ్ళు మీ మాటకి ఎదురు చెప్పలేదు. అంతమంది ముందు మిమ్మల్ని..." మాట పూర్తి కాలేదు.

"నా పరువు కోసం వాడి చెయ్యి ఇచ్చావు."

ఇంతసేపూ కాన్‌రాడ్ అన్నవన్నీ తిట్లు. ఇది మాత్రం తిట్టు కాదు. ఆడలైన్ కప్పు పక్కన పెట్టింది.

"కర్టిస్, ఇది నాకెందుకు చెప్పలేదు?"

"మీరు అడగలేదు. అడిగినా చెప్పేవాణ్ణో లేదో తెలీదు." కర్టిస్ లేచి నిలబడ్డాడు. "ఆయనన్నది నిజం. వేరేవాళ్ళని చూసుకోండి."

"కూర్చో" అన్నాడు కాన్‌రాడ్, మైదానంలో అరిచినట్టు. కర్టిస్ కూర్చున్నాడు. "ఆడలైన్ గారూ, ఉద్యోగం వీడికే ఇవ్వండి."

"ఇంత చెప్పి, ఇప్పుడు ఇవ్వమంటారా?"

"కొత్తవాణ్ణి తెస్తారు. వాడికి ఎలాడియో ఎవరో తెలీదు. వీడు ఆ నూట నలభై ఒక్కటీ చచ్చేదాకా లెక్కపెట్టుకుంటూనే ఉంటాడు. ఇంకే కుర్రాడి చేతా వేయించడు, ఎవడు నోరు ముయ్యమన్నా ముయ్యడు." ఆయన ఆగి, నెమ్మదిగా అన్నాడు: "నేనైతే రేపటికి మర్చిపోతాను."

ఆడలైన్ లేచి కర్టిస్ ఎదురుగా వచ్చి నిలబడింది. తర్వాత, "శుక్రవారం ఆఫీసుకి రా కర్టిస్, కాగితాలు సిద్ధం చేయిస్తాను" అని చెప్పి వెళ్ళిపోయింది. ఆ ఇంట్లో ఎవరూ సంతోషించలేదు.

మార్నీ తండ్రి మోకాళ్ళ దగ్గర కూర్చుంది. "నన్ను క్షమించండి నాన్నా."

"ఫోన్ చేసినందుకు క్షమించడానికేముంది? చెయ్యాల్సిందే చేశావు. మూడు నెలలు వాణ్ణి నా చేత తిట్టించావు చూడు, దానికి నన్ను కాదు, వాణ్ణి అడుక్కో." చెయ్యి మాత్రం ఆమె తల మీద పెట్టాడు. "లే. కారు తియ్యి. ఆ కుర్రాడి దగ్గరికి పోదాం. ఇప్పుడే. గుర్తుండగానే."

ఎలాడియో ఊరి చివర ఒక ముసలి దంపతుల ఇంట్లో ఉంటున్నాడు. వచ్చే వారం స్వదేశానికి వెళ్ళిపోతున్నాడు. దారిపొడవునా కాన్‌రాడ్ వెనక సీట్లో ఆ పేరే వల్లెవేసుకున్నాడు. తలుపు తీసింది ఎలాడియోనే. కుడిచెయ్యి భుజం నుంచి మణికట్టు దాకా పట్టీలో బిగించి ఉంది. కాన్‌రాడ్ టోపీ తీశాడు.

"ఎలాడియో. తప్పు నాది. నేను మర్చిపోయాను."

కర్టిస్ తనకొచ్చిన నాలుగు ముక్కల స్పానిష్‌లో ఆ మాట చెప్పబోతే ఎలాడియో అక్కర్లేదన్నట్టు తలూపాడు. ముసలాయన్ని ఎడంచేత్తో దగ్గరికి తీసుకున్నాడు. తన తాత కూడా ఇలాగే అయ్యాడని, ఆ రోజు బాస్ తనని వేరే పేరుతో పిలిచినప్పుడే అర్థమైందని, వచ్చీరాని ఇంగ్లీషులో చెప్పాడు. కాన్‌రాడ్ పసివాడిలా ఆ భుజం మీద తల ఆనించాడు.

కర్టిస్ చెయ్యి చాచాడు. కుడిచెయ్యి చాచానని గమనించి, తడబడి, ఎడంచెయ్యి చాచాడు. ఎలాడియో ఆ చేతి వైపు చూశాడు గానీ అందుకోలేదు.

"ఆయనకి గుర్తు లేదు. మీకు ఉంది" అన్నాడు. అంతే. తలుపు మెల్లగా మూసుకుంది.

తిరుగుదారిలో మార్నీయే కారు నడిపింది. నది వంతెన మీదకి రాగానే, పక్క సీట్లో కర్టిస్ భుజాలు కదిలాయి. ఇరవై ఏళ్ళ కాపురంలో ఆ మనిషి ఏడవడం ఆమె చూడలేదు. ఇప్పుడు అద్దానికి మొహం ఆనించి, వెక్కిళ్ళు పెట్టి ఏడుస్తున్నాడు. ఏమనాలో తెలియక ఆమె ఒక చేత్తో అతని చెయ్యి పట్టుకుంది.

వెనక నుంచి కాన్‌రాడ్ ముందుకు వంగి, అల్లుడి భుజం మీద చెయ్యేశాడు. ఆయన కళ్ళు నిర్మలంగా ఉన్నాయి.

"ఏమైందిరా? ఎందుకా ఏడుపు? ఇవాళ ఓడిపోయామా?"

మార్నీకి రోడ్డు మసకబారింది. కర్టిస్ మొహం తుడుచుకుని, వెనక్కి తిరిగి, ఆ ముసలి చేతిని తన చేత్తో గట్టిగా పట్టుకున్నాడు.

"అవును బాస్. తప్పు నాదే."

"పోనీలే" అన్నాడు కాన్‌రాడ్, ఆ చేతిని తడుతూ. "నువ్వు మంచివాడివి. అందుకేగా నా పిల్లనిచ్చాను."