తీసి మళ్ళీ పెట్టు

"సాయంత్రం నాలుగింటికి పద్దెనిమిది మంది పేర్లు అమ్ముడుపోతాయి రాజేందర్ గారూ. అందరూ విదేశాల్లో మారుపేర్లతో బతుకుతున్న మన ఏజెంట్లే. జాబితా చేతులు మారితే రేపు పొద్దుటికి వాళ్ళలో ఒక్కరూ మిగలరు," అన్నాడు చీఫ్ రామబ్రహ్మం.

గోడ గడియారం పన్నెండున్నర చూపిస్తోంది. కింద కర్రీ పాయింటు నుంచి సాంబారు వాసన పైదాకా వస్తోంది. కొత్తగూడలో ఆ కర్రీ పాయింటు మీద ఉన్న 'విజయదుర్గా కంప్యూటర్ సర్వీసెస్' అసలు ఒక రహస్య శాఖ ఆఫీసని చుట్టుపక్కల ఎవరికీ తెలియదు. జనం పాడైన ప్రింటర్లు తెచ్చి ఇస్తుంటారు. శాఖ వాళ్ళు పాపం వాటిని నిజంగానే బాగుచేసి పంపిస్తుంటారు.

"జాబితా నిన్న రాత్రే వెల్డార్ సిస్టమ్స్ సర్వరుకు చేరింది. హైటెక్ సిటీ, ఏడో అంతస్తు. పేరుకు సాఫ్ట్‌వేర్ కంపెనీ, లోపల విదేశీ ముఠా. రెండో కాపీ లేదు. కాపీ ఉందంటే ధర పడిపోతుంది కదండీ. పోలీసులతో రెయిడ్ చేయిస్తే ఒక్క మీట నొక్కి పంపేస్తారు. మిగిలిన దారి ఒక్కటే, భాస్కర్ పెట్టిన డబ్బా."

ఆ పేరు వినగానే రాజేందర్ తల దించుకున్నాడు.

భాస్కర్ అతని శిష్యుడు, బోరబండ కుర్రాడు. వెల్డార్‌లో నెట్‌వర్క్ టెక్నీషియన్‌గా చేరి, అక్కడి ప్యాంట్రీ ఫాల్స్ సీలింగ్‌లో చెప్పుల డబ్బా అంత కంప్యూటర్ దాచాడు. దాన్ని నడిపేది పెన్‌డ్రైవ్‌లో పట్టే తేలికపాటి లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్, అందులో ఒకే ఒక్క ప్రోగ్రాం. అది నడిచిందంటే వెల్డార్ సర్వరులో ఆ జాబితా ఆనవాలు కూడా ఉండదు. అయితే మూడు రోజులుగా ఆ డబ్బా ఉలకడం లేదు, పలకడం లేదు. తెలంగాణ కోసం సాగుతున్న సకల జనుల సమ్మెలో సింగరేణి బొగ్గు ఆగిపోయి కరెంటు గంటగంటకూ పోతోంది. వచ్చేటప్పుడు వోల్టేజీ ఎగిరిపడుతోంది. నెట్‌వర్క్ కార్డు కాలిపోయి ఉంటుందని రామబ్రహ్మం అంచనా.

భాస్కర్ పోయి నేటికి పదకొండు రోజులు. దసరా మర్నాడు కరెంటు లేని వేళ లిఫ్టు గుంతలో పడి చనిపోయాడని పేపర్లో నాలుగు లైన్ల వార్త వచ్చింది. అది ప్రమాదం కాదని శాఖకు తెలుసు. రాజేందర్‌ను తినేస్తున్నది మాత్రం వేరే సంగతి.

శాఖ సంకేత భాషంతా రిపేరు షాపు మాటలే. 'హార్డ్ డిస్క్ నిండింది' అంటే కాగితాలు దొరికాయని. 'కార్డు డిటెక్ట్ కావట్లేదు' అంటే 'నన్ను గుర్తుపట్టేశారు, బయటికి లాగండి' అని. దానికి 'షాపుకు తీసుకురా' అని జవాబిస్తే వచ్చేయమని అర్థం. 'తీసి మళ్ళీ పెట్టు' అంటే వెనక్కి వెళ్ళి తన చోట తను కూర్చోమని.

ఆ రోజు పదకొండు గంటల పది నిమిషాలకు భాస్కర్ మెసేజి వచ్చింది: 'అన్నా, కార్డు డిటెక్ట్ కావట్లేదు.' అంతకు వారం ముందే డబ్బాలో కార్డు నిజంగానే వదులైంది. రాజేందర్ నిజంగానే సలహా చెప్పాడు, కార్డు నిజంగానే కుదురుకుంది. మళ్ళీ అదే రోగం అనుకున్నాడు. చేతిలో ఎవరిదో ప్రింటరు ఉంది. రెండో ఆలోచన లేకుండా టైపు చేశాడు: 'ఒకసారి తీసి మళ్ళీ పెట్టు.'

మధ్యాహ్నానికి భాస్కర్ లేడు. ఆ మెసేజి కార్డు గురించా, మనిషి గురించా? ఈ ప్రశ్నతోనే రాజేందర్ పదకొండు రోజులుగా పడుకుంటున్నాడు, లేస్తున్నాడు. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు, ఇప్పుడు ప్రతి మెసేజీ నాలుగుసార్లు చదువుతున్నాడు.

* * *

సమ్మె ఊరేగింపు వల్ల వెల్డార్ ఉన్న టవరు గేట్లు మూసేశారు. మళ్ళీ తెరిచేసరికి మూడు దాటింది. నూనె మరకల చొక్కా, భుజం మీద నిచ్చెన, చేతిలో టిఫిన్ క్యారియర్‌తో ఏసీ మెకానిక్ ఏడో అంతస్తులో దిగాడు. క్యారియర్ పై గిన్నెలో పప్పన్నం, అడుగు గిన్నెలో కొత్త నెట్‌వర్క్ కార్డు, అరచేయంత స్క్రీన్, మడత కీబోర్డు ఉన్నాయి.

"ఫిల్టర్లు ఎప్పుడు కడిగిండ్రు మేడం?"

"దసరాకు ముందు. నీళ్ళు సరిపోలేదు."

సంకేతం కుదిరింది. అడిగింది రాజేందర్, జవాబిచ్చింది కృష్ణప్రియ. వెల్డార్‌లో ఏసీలు, కరెంటు, గేట్లు చూసుకునే ఫెసిలిటీస్ హెడ్. ఆమె లిఫ్టు ఎక్కితే తోటివాళ్ళు తాము దిగాల్సిన అంతస్తు మరిచిపోతారని ఆ టవర్లో చెప్పుకుంటారు. వెల్డార్ ఉప్పూ తింటుంది, శాఖ ఉప్పూ తింటుంది. భాస్కర్‌ను పట్టించింది ఈమేనని రాజేందర్ నమ్మకం. పని కాగానే ఆ సంగతి తేల్చుకోవాలని పళ్ళు బిగించుకున్నాడు.

ప్యాంట్రీలో నిచ్చెన ఎక్కి పలక తీశాడు. డబ్బా దుమ్ము పట్టి ఉంది. మూత తీస్తే చీఫ్ అంచనా నిజమే, కార్డు మీద నల్లటి మచ్చ. దాన్ని పీకి కొత్తది గుచ్చాడు, స్క్రీన్ తగిలించి స్విచ్ వేశాడు.

లినక్స్ లేచింది. ప్రోగ్రాం మాత్రం ఒక్క ముక్క చెప్పి ఆగిపోయింది: ఈత్ జీరో లేదు. అంటే మొదటి నెట్‌వర్క్ కార్డు దొరకలేదని.

మూడు ముప్పై. పరికరాల పట్టీ అడిగాడు. కొత్త కార్డు అందులో కనబడుతోంది, దాన్ని నడిపే డ్రైవర్ సాఫ్ట్‌వేరూ ఎక్కింది. మరి నెట్‌వర్క్ ఎందుకు లేదు? ఈ విద్యలో ఎవడైనా మొదట చేసే పని ఒకటుంది. రాజేందర్ చేయి దానంతటదే డబ్బాలోకి వెళ్ళి, సగంలో ఆగింది. పదకొండు రోజుల కింద తను చెప్పిన మాటే అది. అయినా కార్డు తీసి మళ్ళీ పెట్టాడు. లాభం లేకపోయింది.

మూడు నలభై రెండు. అప్పుడు తట్టింది. ఈ లినక్స్‌కు ఒక అలవాటుంది. మొదట చూసిన కార్డు నంబరు ఒక ఫైల్లో రాసుకుని, దానికి ఈత్ జీరో అని పేరు పెడుతుంది. ఆ కార్డు కాలి బూడిదైనా ఆ పేరు ఇంకొకరికి ఇవ్వదు. కొత్తగా వచ్చింది ఈత్ వన్‌గా పక్కన నిలబడాల్సిందే. భాస్కర్ ప్రోగ్రామేమో ఈత్ జీరోనే పిలుస్తుంది. దానికి తాళం వేసి ఉంది, మార్చడానికి వీల్లేదు.

ఆ ఫైలు తెరిచాడు. పాత కార్డు లైను అలాగే ఉంది. దాని పైన ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు: 'అన్నా, కార్డు మారిస్తే ఈ లైను తీసెయ్. లేకుంటే ఇది పోయినదాని కోసమే ఎదురుచూస్తది.'

రాజేందర్ కళ్ళు మసకబారాయి. తుడుచుకుని పక్క ఫైలు చూశాడు. కార్డు హాజరీ అది, గంటకొక లైను. చూడకూడదనుకుంటూనే దసరా మర్నాడు ఎక్కడుందో వెతికాడు. పది గంటలకు కార్డు ఉంది. పదకొండుకు ఉంది. పన్నెండుకు ఉంది. ఆ రోజు నుంచి మూడు రోజుల కిందటి దాకా, డబ్బాకు కరెంటు ఉన్న ఏ గంటలోనూ అది గైరుహాజరు కాలేదు.

కార్డుకు ఆ రోజు ఏ రోగమూ లేదు. పిల్లవాడు కాపాడమని అడిగాడు. తను చావుకు పొమ్మన్నాడు. నిచ్చెన దిగి ఎక్కడికైనా పారిపోవాలనిపించింది. ఆ పద్దెనిమిది మంది లేకపోతే దిగిపోయేవాడే.

తలుపు తెరుచుకుంది. వెల్డార్ బాస్ కెల్లర్ కాఫీ కప్పుతో లోపలికి వచ్చి, నిచ్చెన వంక చూసి, ఈ మనిషి ఎవరని ఇంగ్లీషులో అడిగాడు. వెనకే కృష్ణప్రియ వచ్చింది. ఏసీ నీళ్ళు సరిగ్గా సర్వర్ గది మీదే కారుతున్నాయనీ, వద్దంటే ఇప్పుడే పంపించేస్తాననీ చెప్పింది. సర్వర్ మాట వినగానే కెల్లర్ ముఖం మారింది. పని త్వరగా కానిమ్మని చెప్పి వెళ్ళిపోయాడు.

మూడు యాభై నాలుగు. భాస్కర్ తీసెయ్యమన్న పాత కార్డు లైను మీద రాజేందర్ వేలు పెట్టాడు. చెరపబుద్ధి కాలేదు. చెరిపాడు. ఈత్ వన్‌ను ఈత్ జీరో చేసి, సేవ్ చేసి, రీస్టార్ట్ కోసం చేయి చాచాడు.

అప్పుడే కరెంటు పోయింది.

డబ్బా చచ్చిపోయింది. సర్వర్ గదికి బ్యాటరీలున్నాయి, అది చల్లగా నడుస్తోంది. ప్యాంట్రీకి జనరేటరే దిక్కు. సమ్మెలో డీజిలు దొరకట్లేదని ఇందాక గేటు దగ్గర ఎవరో అనుకుంటుండగా విన్నాడు. ఒక నిమిషం గడిచింది. రెండు నిమిషాలు. చీకట్లో నిచ్చెన మీద నిలబడి రాజేందర్ ఏ దేవుడికీ మొక్కలేదు, భాస్కర్‌నే తలుచుకున్నాడు.

కింద ఎక్కడో జనరేటరు దగ్గి, ఊపిరి పీల్చుకుంది. మూడు యాభై ఎనిమిది. కరెంటు రాగానే తనంత తాను లేచేలా భాస్కర్ డబ్బాను అమర్చి ఉంచాడు. నలభై సెకన్లకు లినక్స్ లేచింది. ఈత్ జీరో అని పిలిచింది. కొత్త కార్డు ఆ పేరుకు పలికింది. ప్రోగ్రాం తన పని మొదలుపెట్టింది.

నాలుగు కావడానికి ఏడు సెకన్లు ఉండగా సర్వర్ గదిలో కెల్లర్ తన సొంత భాషలో ఏదో అరిచాడు. అర్థం తెలియకపోయినా, జాబితా చెరిగిపోయిందని రాజేందర్‌కు తెలిసింది. మరో పది నిమిషాల్లో రామబ్రహ్మం పంపిన మఫ్టీ పోలీసులు మెట్లెక్కారు.

వెనక మెట్ల దగ్గర కృష్ణప్రియ అతణ్ని ఆపింది. "నన్నే అనుమానించినవ్ కదా?"

రాజేందర్ నిచ్చెన గోడకు ఆనించాడు.

"ఆ రోజు వెనక గేటు నేనే తెరిచిపెట్టిన. పొమ్మన్న. మెట్ల దాకా వచ్చి ఫోన్ చూసుకున్నడు. అన్న మళ్ళ పెట్టుమన్నడు అక్కా, అని పైకి పోయిండు." ఆమె చెప్పులు చేత్తో పట్టుకుని మెట్లు దిగి వెళ్ళిపోయింది.

* * *

బోరబండలో పొద్దు వాలుతోంది. భాస్కర్ పదకొండో రోజు దినానికి పదిమంది కూడా రాలేదు. వీధి మొగలో సమ్మె టెంటు కింద బస్తీ అంతా కూర్చుని ఉంది. ఊరంతా పని మానేసిన వేళ రోజూ రైలు పట్టాల వెంట నడుచుకుంటూ డ్యూటీకి పోయినవాణ్ని బస్తీవాళ్ళు ద్రోహి అన్నారు. చనిపోయినా ఆ మాట వెనక్కి తీసుకోలేదు.

భాస్కర్ తల్లి ఎల్లమ్మకు రాజేందర్ తెలుసు, కొడుకు ఆఫీసులో పెద్దసారుగా. కూర్చోబెట్టి నీళ్ళిచ్చింది. తర్వాత కొడుకు ఫోను తెచ్చి చేతిలో పెట్టింది.

"జర రీచార్జి చేయిస్తవా బిడ్డా? దుకాన్లన్ని బంద్ ఉన్నయ్. పైసలెయ్యకుంటె నంబరు వేరేటోళ్ళకు ఇచ్చేస్తరంట."

అలాగేనన్నాడు. తన వేళ్ళు ఇందాక చెరిపిన లైను గుర్తొచ్చి, ఆమె ముఖంలోకి చూడలేకపోయాడు.

"దాంట్ల ఆఖరుకు వచ్చిన మెసేజి జర సదువు. నాకు సదువు రాదాయె."

రాజేందర్ చదివాడు. "ఒకసారి తీసి మళ్ళీ పెట్టు."

"అంటె ఏంది?"

"పని ఇడిచిపెట్టకు, లోపలికి పో, అని. నేనే పంపిన అమ్మా. నేనే పొమ్మన్న."

ఎల్లమ్మ తిడుతుందని, కొడుతుందని ఎదురుచూశాడు. తిడితే బాగుండుననిపించింది.

"అట్లనా," అంది ఎల్లమ్మ. "అయితె మావాడు సొంతంగ పోలే. పెద్దోళ్ళు చెప్తె పోయిండు." ఆమె కళ్ళలో పదకొండు రోజుల తర్వాత ఏదో తేలిక కనబడింది. "గీ ఒక్క మాట ఆ టెంటు కాడ చెప్తవా బిడ్డా?"

రాజేందర్ లేచి టెంటు దగ్గరికి నడిచాడు. అసలు సంగతి చెప్పడానికి ప్రమాణం అడ్డు. భాస్కర్ పనిచేసిన ఆఫీసుకు తనే పెద్దననీ, సమ్మెలోకి వెళ్తానని భాస్కర్ బతిమాలినా ఉద్యోగం పోతుందని బెదిరించి తనే రప్పించాననీ చెప్పాడు. అందులో సగమే అబద్ధం. టెంటు పెద్ద లింగమూర్తి కండువా సర్దుకుని లేచాడు.

"ద్రోహివి నువ్వన్నమాట," అన్నాడు, నెమ్మదిగానే.

"అవును," అన్నాడు రాజేందర్. ఆ మాట అతనికి సరిగ్గా సరిపోయింది. లింగమూర్తి ఇక అతని వంక చూడకుండా టెంటులోని జనాన్ని వెంటబెట్టుకుని ఎల్లమ్మ ఇంటివైపు నడిచాడు.

మర్నాడు విజయదుర్గా కంప్యూటర్ సర్వీసెస్ జాబ్ కార్డులో రాజేందర్ తన చేత్తో రాసిన నివేదిక ఇది: 'కార్డు మార్చడమైనది. డిటెక్ట్ అయింది. కస్టమర్‌కు మా మీద ఫిర్యాదు ఏమీ లేదు.'