రాగి జాడ లేని బీరు

బీరు పోసే హినెక్‌ని పబ్బు నేలమాళిగలోనే చంపేశారు. మెడ చుట్టూ బిగించిన సన్నటి తీగ ఎముక దాకా దిగింది. పక్కన గల్లాపెట్టె బద్దలై పడి ఉంది.

"దొంగల పనంటారా?" అడిగాడు ఏజెంట్ రాదిమ్.

"అలా కనపడాలని చేశారు," అన్నాడు కర్నల్ బ్లాజెక్. "పై అంతస్తులో మన సాక్షి డ్రహోష్ ఉన్నాడు. ఆయుధాల ముఠా మీద రేపు కోర్టులో నోరు విప్పుతాడు. కాపలా ఎవరో నీకు తెలుసుగా."

తెలుసు. అన్నయ్య బోర్జెక్. ప్రాగ్ నగరంలో రాదిమ్‌కి మిగిలిన ఒకే ఒక్క రక్తసంబంధం.

"కొత్త పీపా మూత తీసి ఉంది. విషం కలిపారేమో!" అన్నాడు కర్నల్. "లూబా శాంపిల్ పట్టుకెళ్ళింది. రిపోర్టొచ్చేదాకా ఎవరూ తాగరు."

"పారబోస్తే పోలా, సార్?"

కర్నల్ అతన్ని వెర్రివాణ్ణి చూసినట్టు చూశాడు. "నిండు పీపానా? వట్టి అనుమానం మీదా? నువ్వసలు ఈ ఊళ్ళోనే పుట్టావా?"

లూబా విభాగపు కెమిస్టు. తెల్లకోటు కింద ఎర్ర గౌను. ఏడాదిగా రాదిమ్ గుండెని ఏలుతున్న మనిషి. అతను లాబ్‌లో అడుగుపెట్టగానే గ్రాఫ్ కాగితం అందించింది.

"క్లీన్. ఏ విషమూ లేదు. 'హంస ఏరు దాటింది' అని మీ అన్నకి చెప్పేశాను."

అంటే ముప్పు లేదు, బీరు తాగొచ్చని. ఆ కోడ్ వినగానే రేడియో కట్టేసి తలుపు గడియ వేసుకోవాలని రూలు. ఇక అన్నయ్యకి కబురందదు.

రాదిమ్ మారువేషంలో రెండేళ్ళు ఒక బీరు ఫ్యాక్టరీ లాబ్‌లో పనిచేశాడు. ఈ పరీక్ష అతనికి కొత్త కాదు. కరెంటు పెడితే ద్రవంలోని లోహాలన్నీ పాదరసపు చుక్కలోకి చేరతాయి. వోల్టేజి మెల్లగా మారుస్తుంటే తన వంతు రాగానే ఒక్కొక్కటీ బయటికొస్తూ కాగితం మీద ఓ గుట్ట గీసి పోతుంది. వందకోట్ల పాళ్ళలో ఒక్క పాలున్నా సరే, ఏ లోహమూ చెప్పకుండా వెళ్ళదు. మనుషులకే ఆ మర్యాద లేదు.

ఈ కాగితం మీద ఒక్క గుట్టా లేదు.

"రాగి ఏదీ, లూబా?"

"ఏ రాగి?"

"ఇక్కడి బీరు రాగి బానల్లో కాగుతుంది. ఎంత చిన్నదైనా రాగి గుట్ట ఉండి తీరాలి. నువ్వు పరీక్ష చేసింది వట్టి నీళ్ళు."

ఆమె నిట్టూర్చింది. "పక్క పబ్బు నించి ఓ గ్లాసు తెప్పించుకుంటే సరిపోయేది. బద్ధకించాను."

సొరుగులోంచి సైలెన్సర్ పిస్తోలు వచ్చింది. మొదటి గుండు అతని భుజం చీల్చింది. రాదిమ్ చేతికందిన యాసిడ్ సీసా విసిరాడు. ఆమె మణికట్టు కాలి పొగలు కక్కింది. ఆమె కేక పెడుతూనే పగిలిన గాజుపెంకు అతని తొడలో దించింది. ఇద్దరూ కలియబడి నేల మీద దొర్లారు. పిస్తోలు ఇద్దరి మధ్యా పేలింది.

ఎర్ర గౌను మరింత ఎర్రబడింది.

"థాలియం," అంది లూబా రొప్పుతూ. "రుచుండదు. ఇవాళ వాంతులు, రేపటికి నోరు పడిపోతుంది, వారంలో పాడె. మీ అన్న భోజనానికి కూచునుంటాడు. పో. వెనక్కి చూడకు."

అతను గుమ్మంలో ఆగి చూశాడు. ఆమె కళ్ళు తెరిచే ఉన్నాయి, చూపు మాత్రం లేదు.

మోటార్‌సైకిల్ వంతెన దాటి జిజ్కోవ్ సందుల్లోకి దూసుకెళ్ళింది. పబ్బు మెట్ల మీద వెనకనించి తీగ మెడకి పడింది. హినెక్ చోట కొత్తగా చేరిన బీరు పోసేవాడు! రాదిమ్ తల వెనక్కి విసిరి వాడి ముక్కు చితగ్గొట్టాడు. జుట్టు పట్టి ఇనుప కటకటాలకేసి బాదాడు, వాడి పట్టు సడలేదాకా, ఆ తర్వాత కూడా. వాడు మెట్ల మీంచి మూటలా దొర్లిపోయాడు.

గడియని కాల్చి తలుపు తన్నాడు.

లోపల బోర్జెక్, డ్రహోష్ ఒకరి కళ్ళలోకి ఒకరు చూసుకుంటూ గ్లాసులు తాకించారు. అలా తాకించందే ఇక్కడ ఎవరూ గుక్క వెయ్యరు. నురగ పెదవికి తగలబోతోంది.

రెండు తూటాలు. రెండు గ్లాసులూ తునకలయ్యాయి.

"ఏరా, పిచ్చెక్కిందా?" అరిచాడు బోర్జెక్, మొహమంతా నురగతో. తమ్ముడి మెడ మీది గాటు చూసి గొంతు తగ్గించాడు. "విషమా?"

"పీపా నిండా, అన్నయ్యా." రాదిమ్ గోడకి జారగిలబడ్డాడు. అన్న రెండు చేతులూ అతన్ని పొదివి పట్టుకున్నాయి.

డ్రహోష్ నేల మీద పారుతున్న బీరుని చూసి కళ్ళు తుడుచుకున్నాడు.

"నన్ను చంపబోయినందుకు వాళ్ళకి జైలు చాలు, బాబూ. పీపా పాడుచేసినందుకు మాత్రం ఉరి అడుగుతాను."