పడిపోయే వేషం

కుక్కర్ రెండో కూత వేసేసరికి త్యాగరాజు హాల్లో నల్ల కోటు ఇస్త్రీ చేసుకుంటున్నాడు. వంటింట్లోంచి అది చూసిన ఛాయాదేవికి ఒళ్లు మండింది.

"ఆ కోటెందుకు? ఇవాళ షూటింగు లేదన్నారుగా?"

"షూటింగుకి కాదే, నీ ఫంక్షన్‌కి. మీ సెక్షన్‌లో సాయిప్రకాష్ షూటింగు అయిపోయిందా అని ఫోన్ చేసాడు, ఖాళీయే అన్నాను. స్టేజి మీద నాకూ కుర్చీ వేసీసాడట."

ఛాయాదేవి గరిటె కింద పెట్టింది. ఆమె ఒక కేంద్ర మంత్రిత్వ శాఖలో అండర్ సెక్రటరీ. ఆ రోజే రిటైర్మెంటు. ఆఖరి రోజున భార్యనో భర్తనో వేదిక మీద పక్కన కూర్చోబెట్టి, ఇద్దరికీ శాలువా కప్పి, ఆఫీసు కారులో ఇంటిదాకా దింపడం అక్కడి ఆనవాయితీ. అందుకే నెల రోజుల ముందునుంచే, మావారు భోపాల్‌లో షూటింగులో ఉంటారని ఆఫీసంతా చెప్పుకొచ్చింది. భోపాల్‌లో ఉండాల్సిన మనిషి రాజధానిలో, ద్వారక ఇంట్లో కోటు ఇస్త్రీ చేసుకుంటూ కూర్చున్నాడు.

ఆమె పెళ్లాడింది విశాఖపట్నం బాక్సర్ని, మూడుసార్లు జాతీయ ఛాంపియన్ని. రైల్వేలో ఉద్యోగం, బీరువా నిండా కప్పులు. పదిహేనేళ్ల కిందట ఆ ఉద్యోగానికి నీళ్లొదిలి సినిమాల్లో చేరాడు. పోనీ ఏమైనా వెలగబెట్టాడా అంటే, హీరో పిడికిలి జానెడు దూరంలో ఉండగానే బల్లలు విరుచుకుని పడిపోయే రౌడీ అయ్యాడు. క్యారెక్టర్ ఆర్టిస్టునని చెప్పుకుంటాడు. ఆ క్యారెక్టరు ఏ సినిమాలోనూ సొంత కాళ్ల మీద ఇంటికి వెళ్లింది లేదు. మూడేళ్ల కిందట హీరోయిన్ చెంపదెబ్బకి గిర్రున తిరిగి పానీపూరీ బండిలో పడ్డ ముక్క ఒకటి దేశమంతా ఫోన్లలో తిరిగింది. ఆఫీసు లిఫ్టులో ఆమెని చూడగానే జనం నవ్వాపుకోవడం మొదలైంది అప్పుడే.

"మీరు రావద్దు," అంది.

"ఎవరితోనూ మాటాడను. అలా కూర్చుని వచ్చీస్తాను."

"కూర్చుంటే చాలదూ? ముప్పై నాలుగేళ్ల సర్వీసు నాది. మీరు పక్కన కూర్చుంటే అది ఎవరికి కనపడుతుంది? పానీపూరీ బండి కనపడుతుంది. సిగ్గన్నది మీకు ఎలాగూ లేదు, నాకున్న కాస్తా తీసెయ్యకండి."

గుర్గావ్ ఆఫీసుకి సెలవు పెట్టిన కూతురు ఇషిత, టూత్‌బ్రష్ నోట్లో పెట్టుకునే బయటికొచ్చింది. "మమ్మా, దిస్ ఈజ్ టూ మచ్. పాపా కో ఆనే దో నా, రానివ్వు."

"నువ్వు నోర్ముయ్."

త్యాగరాజు ఇస్త్రీ పెట్టె ప్లగ్గు పీకేసాడు. "సర్లే. రాన్లే," అని కోటు హాంగరుకి తగిలించాడు. తిరిగి ఒక్క మాట అనలేదు. అనడు. అదే ఆమెకి మరీ చులకన. ఇంట్లో కూడా పడి ఉండే వేషమేనా అనుకుంది.

సాయంత్రం నాలుగింటికి సమావేశం హాలు నిండింది. దండలు, సమోసాలు, ఆమె పక్కన ఖాళీ కుర్చీ. ఛాయాదేవి ఇంగ్లీషులో రాసుకున్న ప్రసంగాన్ని మడిచి చేతిలో పట్టుకుంది. అందులో సగం జాయింట్ సెక్రటరీ గోపీకృష్ణ గారికి కృతజ్ఞతలే. ఆయన హైదరాబాద్ మనిషి. ఆయన జోకు వేస్తే నవ్వి తీరాలన్నది ఆ శాఖలో ఎక్కడా రాయని సర్వీసు రూలు.

ఆఖరి వరసలో, టీ డ్రమ్ము పక్కన ఇషిత కనిపించింది. కూతురి వెనకే నల్ల కోటు. బలవంతాన లాక్కొచ్చింది కాబోలు. ఛాయాదేవి వెళ్లిపొమ్మని కళ్లతో సైగ చెయ్యబోయింది. ఆ లోపలే గోపీకృష్ణ కూడా చూసేసాడు.

"ఏంది మేడమ్, సార్ భోపాల్‌ల ఉన్నరంటిరి కదా?" అని నవ్వి, మైకు అందుకుని హిందీలో హాలంతటికీ చాటాడు. పానీపూరీ హీరో వచ్చాడు, ఆ సీను ఇప్పుడు ప్రత్యక్షంగా చూద్దాం, హీరోయిన్ వేషం నాదే అన్నాడు. చప్పట్లు. ఫోన్లు పైకి లేచాయి.

త్యాగరాజు భార్య వైపు చూసాడు. ఆమె తల తిప్పేసుకుంది. పై అధికారి పిలిస్తే రానని అనలేక, మెల్లిగా వేదిక ఎక్కాడు.

"చెయ్యి మొహానికి జానెడు దూరంలో తిప్పీండి సార్. మిగతాది నేను చూసుకుంటాను," అన్నాడు.

"అచ్ఛా, అచ్ఛా," అన్నాడు గోపీకృష్ణ. వినలేదు. వినడం ఆయనకి అలవాటు లేని పని. ఉంగరాల చెయ్యి వెనక్కి లాగి, చెంప మీద బలంకొద్దీ కొట్టాడు.

చప్పుడుకి హాలంతా గొల్లున నవ్వింది. ఛాయాదేవి మాత్రం భర్త ఎడమ చేతిని చూసింది. పెళ్లయిన కొత్తలో ఆయన పోటీలకి రింగు పక్కనే కూర్చునేది. నిజమైన దెబ్బ తగిలినప్పుడు ఆ ఎడమ పిడికిలి దానంతటదే గడ్డం కిందికి లేచేది. ఆ తరవాత ఎదుటివాడి పని అయిపోయేది. ఇప్పుడు ఆ పిడికిలి లేచింది. అరక్షణం అక్కడే ఆగింది. ఆయన కళ్లు ఆమె మీదికి వచ్చాయి. తరవాత వేళ్లు ఒక్కొక్కటే విచ్చుకున్నాయి. చెయ్యి దిగింది. అప్పుడు గిర్రున తిరిగి దబ్బున పడ్డాడు.

హాలు దద్దరిల్లింది. ఛాయాదేవి లేచి వెళ్లి పక్కన మోకాళ్ల మీద కూర్చుంది. చెంప మీద ఉంగరం గీరిన చోట ఎర్రగా తేలుతోంది.

"నిజంగా కొట్టాడు కదూ?"

"ఊరుకో ఛాయా," అన్నాడు పెదవులు కదపకుండా. "పడితే యాక్టింగనుకుంటారు. పడకపోతే కొట్టాడని అందరికీ తెలిసిపోద్ది. నీ ఫంక్షన్ పాడైపోద్ది."

ఆమె ఆయన్ని చెయ్యి పట్టి లేపి, మైకు దగ్గరికి వెళ్లింది. ప్రసంగం కాయితం బల్ల మీదే ఉండిపోయింది.

"మావారు భోపాల్‌లో ఉన్నారని మీ అందరికీ చెప్పాను," అంది హిందీలో. "అబద్ధం. ఈయన్ని మీకు చూపించడానికి సిగ్గుపడ్డాను. రింగులో ఈయన్ని పడగొట్టిన మగాడు లేడు. ఇప్పుడు తగిలింది మాత్రం నిజం దెబ్బ. ఈయన లేచిన చెయ్యి దించుకోకపోయి ఉంటే ఇక్కడ ఒకరు ఆస్పత్రిలో ఉండేవారు. నా చివరి రోజు చెడకూడదని పడ్డారు." తరవాత గోపీకృష్ణ వైపు తిరిగింది. ఆయన అప్పటికే ఆమె పక్కనున్న ఖాళీ కుర్చీలో వచ్చి కూర్చుని ఉన్నాడు. "లేవండి సార్. అది మావారి కుర్చీ."

ముప్పై నాలుగేళ్లలో ఆమె ఏ అధికారితోనూ అలా మాట్లాడలేదు. ఫోన్లు ఒక్కొక్కటే కిందికి దిగాయి. గోపీకృష్ణ లేచాడు. సారీ అన్నాడో, అనలేదో, ఎవరికీ వినపడలేదు. సాయిప్రకాష్ పరిగెత్తుకొచ్చి రెండో శాలువా తీసాడు.

ఆఫీసు కారులో ఇషిత ముందు కూర్చుంది. ఛాయాదేవి చీర కొంగు సీసాలో నీళ్లతో తడిపి భర్త చెంపకి అద్దింది.

"పొద్దున్న నేనలా అనాల్సింది కాదు. పొద్దున్న ఒక్కటే కాదు, ఎప్పుడూ అనాల్సింది కాదు," అంది. "ఎలా భరించారండీ?"

"పదిహేనేళ్లబట్టి నువ్వూ కొడతానే ఉన్నావు కదా," అన్నాడు త్యాగరాజు. "ఎప్పుడైనా పడ్డానా?"

నవ్వించడానికే అన్నాడు. ఆమె ద్వారక వచ్చేదాకా ఆయన భుజం మీద తల పెట్టి ఏడుస్తూనే ఉంది.