కుర్చీ దగ్గర సున్నా

ఇంట్లోనే సొంత రేడియో పెట్టుకుని దూరపు ఊళ్లవాళ్లతో మాట్లాడే హ్యామ్ రేడియో పిచ్చి పట్టినవాళ్లకు రేడియోలో మాట్లాడటం కంటే ఏరియల్ కట్టడం ఎక్కువ ఇష్టం. కట్టడం కంటే, కట్టకముందే అది ఎట్లా పనిచేస్తుందో కంప్యూటర్లో చూసుకోవడం ఇంకా ఇష్టం. తీగ ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో, ఎంత ఎత్తులో ఉంటుందో అంకెలు కొడితే చాలు, మన మాట ఏ దిక్కుకు ఎంత బలంగా పోతుందో బొమ్మ గీసి చూపించే సాఫ్ట్‌వేర్లు బోలెడున్నాయి. వాటిలో ఏది మంచిదో తేల్చుకునేలోపల ఒక ఇల్లు కట్టి గృహప్రవేశం కూడా చేయొచ్చు.

జయప్రకాష్‌కు ఆ జబ్బు బాగా ముదిరింది. ఎర్రమంచి దగ్గర ఫ్యాక్టరీలో ఎలక్ట్రీషియన్ ఉద్యోగం, పెనుకొండలో కాపురం. భార్య యశోదకు ఎనిమిదో నెల. ఆ ఆదివారం ధర్మవరం పోయొస్తానంటే ఆమె అడ్డు చెప్పలేదు గానీ, బండి తాళంచెవి చేతికిస్తూ ఒక మాట అంది.

"పొద్దు గూకేలోపల ఇంట్లో ఉండాల. ఒక్కదాన్నే ఉండాలంటే బయమైతాంది నాకు."

"అంతసేపు నాకు ఆడేం పని? వచ్చేస్తా."

బండి సైలెన్సర్ కింద బోల్టు వదులై దారంతా గలగలమంది. బిగించాలని నెల నుంచీ అనుకుంటూనే ఉన్నాడు.

ధర్మవరంలో అతను పోయింది భాస్కరయ్యగారింటికి. కింద పట్టుచీరల అంగడి, మేడ మీద రేడియో గది. జయప్రకాష్‌కు రేడియో నేర్పింది ఆయనే. ఆయన పోయి ఏడాది దాటింది. మేడ మీద ఏరియల్ స్తంభం అట్లాగే నిలబడి ఉంది. "ఊరికే తుప్పు పడతాంది, నువ్వన్నా వాడుకో నాయనా" అని భార్య విమలమ్మే కబురు పెట్టింది. అక్కడ కొత్త తీగ కడితే పెనుకొండ కొండ దాటి హిందూపురానికి మాట అందాలి. హిందూపురంలో శివప్రసాద్ అనే పెద్ద హ్యాము ఉన్నాడు. మూడు సాఫ్ట్‌వేర్లు పంపించి, ఏది నిజం చెబుతుందో చూడమని జయప్రకాష్ మెడకు చుట్టింది ఆయనే. మధ్యాహ్నమంతా రేడియో పెట్టుకుని వింటూ ఉంటానని కూడా చెప్పాడు.

ధర్మవరంలో ఏ వీధికి పోయినా మగ్గాల మోటార్లే. వాటి గోల రేడియోలోకి చొరబడుతోందని పెద్దాయన భాస్కరయ్య ఆ గది గోడలకూ, పైకప్పుకూ, కిటికీకీ, ఆఖరికి తలుపుకు కూడా సన్న ఇనుప జాలీ కొట్టించాడు. గోల ఆగింది. దాంతోపాటు సెల్‌ఫోన్ సిగ్నలూ ఆగిపోయింది. ఆ గదిలోంచి మాట బయటికి పోవడానికి మిగిలిన దారి ఒక్కటే, గోడ కన్నంలోంచి వచ్చే ఏరియల్ కేబుల్.

ఆయన చావుకూ అదే కారణమైంది. ఉరుము వినబడితే, పిడుగు లోపలికి రాకుండా కేబుల్ పీకేసి, కొసను కన్నంలోంచి బయటికి తోసేయడం హ్యాములకు పళ్లు తోముకున్నంత అలవాటు. ఆ రోజు ఉరిమింది, తోసేశాడు. తర్వాత గుండెనొప్పి వచ్చింది. తలుపు గడియ బిగుసుకుంది.

"పిలిచే ఉంటాడు" అంది విమలమ్మ తాళం తీస్తూ. "వాన సద్దు, మగ్గాల సద్దు, నాకేం ఇనపడ్తుంది? తలుపు పగలగొడితే నిలబడే ఉండాడు నాయనా. తలుపుకి ఆనుకోని, నిలబడినోడు నిలబడినట్లే." కొంగుతో ముక్కు తుడుచుకుంది. "గడియ మార్పించినాలే. అయినా తలుపు మాత్రం మూయాకు."

జయప్రకాష్ ఒక పాత లారీ బ్యాటరీని తలుపుకు అడ్డం పెట్టాడు. లోపల జాలీ తుప్పు వాసన, దాని కింద ఎక్కడో పెద్దాయన నశ్యం వాసన. గురువు గుర్తొచ్చాడు.

లెక్కకు ముందు సున్నా ఎక్కడో అనుకోవాలి. దూరాలన్నీ అక్కడి నుంచే. స్తంభం మొదట్లోనే సున్నా పెట్టాలని పెద్దాయన మరీమరీ చెప్పేవాడు. ఎండలో స్తంభం దాకా టేపు ఎవరు లాగుతారని బద్ధకించి, జయప్రకాష్ తాను కూర్చున్న కుర్చీనే సున్నా అనుకున్నాడు. గది కొలిచాడు, కేబుల్ కొలిచాడు, ల్యాప్‌టాప్‌లో అంకెలు కొట్టాడు. మొదటిది ఊరికే దొరికే పాత సాఫ్ట్‌వేర్.

నల్ల తెర మీద నీలం గీతగా తీగ వచ్చింది. దాంతోపాటు ఇంకొకటి వచ్చింది. నేల మీద నిట్టనిలువుగా, మనిషెత్తు గీత. కుర్చీకి రెండున్నర మీటర్ల దూరంలో.

తలుపు దగ్గర.

తప్పు కొట్టానేమో అనుకుని తీసేశాడు. మళ్లీ నడిపితే మళ్లీ వచ్చింది. ఊరికే ఇచ్చేవాటికి ఇంతకంటే ఏం తెలివి ఉంటుందని నవ్వుకుని, రెండోది తెరిచాడు. మొదటి దాంట్లోంచి ఏదీ తేకుండా, అంకెలన్నీ కొత్తగా కొట్టాడు.

అప్పుడే దూరంగా ఉరిమింది. చెయ్యి దానంతటదే పోయి కేబుల్ పీకేసి, కొసను కన్నంలోంచి బయటికి తోసేసింది. అలవాటు మరి. ఆ వెంటనే పెద్ద గాలి లేచింది. తలుపు దభీమని మూసుకుంది. కరెంటు పోయింది.

బ్యాటరీని తోసేసేంత గాలా? లేచి గడియ లాగాడు. రాలేదు. రెండు చేతులతో లాగాడు. కొత్త గడియ, నూనె కూడా ఆరలేదు. అయినా రాలేదు. ఫోన్లో సిగ్నల్ లేదు. "అమ్మా... విమలమ్మా..." అని అరిచాడు. వాన అందుకుంది, ఆ సద్దులో తన అరుపు తనకే సరిగ్గా వినపడలేదు.

జాలీ కిటికీలోంచి బూడిదరంగు వెలుతురు కొంచెం వస్తోంది. ల్యాప్‌టాప్ తెర ఒక్కటే వెలుగుతోంది. రెండో సాఫ్ట్‌వేర్ లెక్క ముగించింది. అందులో తీగ బలం వేరు, దిక్కు వేరు, మొదటిదాంతో ఒక్క అంకె కలవలేదు.

నిలువు గీత మాత్రం ఉంది.

కుర్చీకి ఒక మీటరు దూరంలో.

అతను తలుపు వైపు చూడలేదు. చూడకూడదనిపించింది. నశ్యం వాసన ఇందాకటి కంటే దగ్గరగా ఉంది... భయమేసింది. సిగ్గు పడకుండా చెప్పాలంటే, చిన్నపిల్లవాడికి మల్లే ఏడుపొచ్చింది. యశోద గడపలో నిలబడి ఉంటుంది. పొద్దు గూకుతోంది.

మూడో సాఫ్ట్‌వేర్‌ను అతను తెరవలేదు. అది తెరుచుకుంది. అంకెలు ఒక్కొక్కటే పడ్డాయి... తీగ వచ్చింది... నిలువు గీత వచ్చింది.

దూరం, సున్నా.

ఒళ్లంతా చల్లబడింది. మెడ మీద ఎవరో ఊపిరి వదిలినట్టయింది. లేవబోయాడు. కాళ్లు రాలేదు. కాసేపు... ఎంతసేపో... ఏమీ తెలియలేదు.

గరగరమని సద్దు వినిపించి కళ్లు తెరిచాడు. వాన తగ్గింది, కరెంటు వచ్చింది. రేడియో పలుకుతోంది. దాని వెనక చూశాడు. కేబుల్ లేదు. గోడకు కన్నం ఒక్కటే ఉంది.

"జయప్రకాషూ, నేను శివప్రసాద్‌ను. ఇంతసేపూ యాడికి పోయినావప్పా? ఓవర్."

మైకు రెండు చేతులతో పట్టుకున్నాడు. "అన్నా... తలుపు గడియ పడిపోయింది. ఈడ ఇరుక్కున్యా. విమలమ్మకు ఫోన్ చెయ్యి. పైకొచ్చి తీయమను. బిన్నా రమ్మను... ఓవర్."

"అట్లనా? ఉండు, చేస్తా."

ఉన్నాడు. గోడల మీద జాలీ సన్నగా మెరుస్తోంది. బతికానని మొదటిసారి అనిపించింది.

"ఏమప్పా, నాతోనే తమాషాలా?" శివప్రసాద్ గొంతులో నవ్వు. "ఆమెతో ఇప్పుడే మాట్లాడితి. ఆమె ఎదురుగ్గానే కూర్చోని టీ తాగుతాండావంట గదా."

"నేను పైనే ఉండానన్నా..."

"ఫోను నీకే ఇచ్చింది గదప్పా. నీ గొంతు నాకు తెలీదా? 'యశోద ఒక్కతే ఉండాది, నేను పోతాండా' అంటివి. సరే, రోడ్డు తడిగా ఉండాది, నిదానంగా పో."

రేడియో ఆగిపోయింది.

తెర మీద నిలువు గీత లేదు. అది ఉన్న చోట, సున్నా దగ్గర, పొట్టి గీత ఒకటి ఉంది. కూర్చున్న మనిషి ఎత్తు.

కింద వీధిలో బండి స్టార్టయింది. వదులు బోల్టు గలగలమంది. ఆ గలగల అంగడి మలుపు తిరిగి, పెనుకొండ రోడ్డు వైపు పోయింది.

జయప్రకాష్ జేబు తడుముకున్నాడు. బండి తాళంచెవి జేబులోనే ఉంది.