తిరిగొచ్చిన కంచం

"మీ పాప ప్రార్థన వరుసలో నిలబడి నిలబడి కూలిపోయిందమ్మా... ఇప్పుడు కళ్లు తెరిచింది. భయపడకండి, కానీ వెంటనే రండి!"

ఫోనులో బడి టీచరమ్మ మాటల్లో 'భయపడకండి' అన్నది విన్నాకే ఆమెకు అసలు భయం పట్టుకుంది. కుట్టుమిషను మీద సగం కుట్టిన జాకెట్టు అలాగే వదిలేసి, "అత్తయ్యా, పాప... పాప పడిపోయిందట!" అని ఒక్క కేక పెట్టి, కాళ్లకు చెప్పులైనా లేకుండా వీధిలోకి ఉరికింది.

బడి ఎంత దూరమని! నాలుగు వీధులు. రోజూ తెల్లవారకముందే లేచి మైదానం చుట్టూ పది చుట్లు పరుగెత్తే మనిషికి నాలుగు వీధులొక లెక్కా? మొదటి వీధి గాలిలా దాటేసింది. రెండో వీధి మలుపులో, మంగలి దుకాణం ముందు, ఎండంతా ఒక్కసారిగా నల్లబడిపోయింది! చెవుల్లో హోరు... ఆ దుకాణం మెట్టు పట్టుకుని కూలబడింది. లేవాలి... లేవాలి... పిల్ల అక్కడ ఎలా ఉందో! కాళ్లు మాత్రం ఎవరివో అన్నట్టు కదలనంటున్నాయి.

"ఏంటమ్మా, రోజూ గుర్రంలా పోతుంటావు, ఇవాళేమైంది?" అంటూ మంగలి చేతిలోని కత్తెర పక్కన పెట్టి నీళ్లు తెచ్చిచ్చాడు. గ్లాసు పళ్లకు తగిలి టకటకలాడింది కానీ ఒక్క గుక్క దిగలేదు.

అప్పుడు వచ్చింది వెనక నుంచి అత్తగారు. అరవై మూడేళ్ల మనిషి, రెండు మోకాళ్లూ వాచి, గొడుగును కర్రలా పొడుచుకుంటూ, రొప్పుతూ! పొయ్యి ఆర్పి, ఇంటికి తాళం వేసి మరీ బయల్దేరింది. కోడలి ముందు ఒక్క క్షణం ఆగింది. ఎప్పుడూ ఏదో ఒక పుల్లవిరుపు మాట ఉండే ఆ నోట ఈసారి అదేమీ రాలేదు.

"నువ్వు కూచో. నేను పోతా," అని ముందుకు సాగిపోయింది.

పరుగెత్తే తల్లి మెట్టు మీద కూర్చుండిపోయింది... కుంటుకుంటూ నడిచే నానమ్మ పిల్ల దగ్గరికి చేరింది! ఇంతకన్నా సిగ్గు, ఇంతకన్నా భయం ఇంకేముంటుంది ఒక తల్లికి?

అసలు ఆమె పరుగు మొదలుపెట్టిందే ఆ పిల్ల కోసం. ఆమెకు పద్నాలుగేళ్లప్పుడు, తొమ్మిదో తరగతి పరీక్షలకు ముందు, వాళ్లమ్మ పెరట్లో తడి దుప్పటి పిండుతూ పిండుతూ ఒరిగిపోయింది. గుండె! అప్పటికా తల్లికి ముప్పై ఎనిమిదేళ్లు. దుప్పటి ఒక కొస ఆమె చేతిలో, రెండో కొస ఈమె చేతిలో... ఆ కొస బరువెక్కిపోవడం ఈమె అరచేతులు ఇప్పటికీ మరచిపోలేదు. చదువు ఆ రోజుతో సరి. తమ్ముళ్ల అన్నం, బట్టలు, ఆ తర్వాత పెళ్లి, ఈ కుట్టుమిషను. ఇప్పుడామెకు ముప్పై ఒకటి. ఎనిమిది నెలల కిందట ఆరోగ్య శిబిరంలో నర్సు కాగితం చూసి "రక్తంలో కొవ్వు ఎక్కువుందమ్మా, కాస్త చూసుకో" అంది. కాస్త చూసుకోవడమా! ఆ పూట నుంచి ఆమె కళ్లకు తడి దుప్పటి తప్ప ఇంకోటి కనబడలేదు. ఏడేళ్లు! ఇంకా ఏడేళ్లే అనుకుంది.

మైదానంలో పరుగెత్తే ఒక అక్క, పళ్ల డాక్టరు దగ్గర పనిచేస్తుంది, తను వీగన్‌నని చెప్పింది. పాలు, వెన్న, గుడ్డు, మాంసం... ప్రాణుల నుంచి వచ్చేదేదీ ముట్టదు. "పప్పులు, గింజలు, ఆకుకూరలు కడుపునిండా తింటాను. హాయిగా పరుగెత్తుతాను," అంది నవ్వుతూ. ఈమెకూ నచ్చింది. మొదటి మూడు నెలలూ నిజంగానే బాగుంది. పరుగుకు ముందు ఒక అరటిపండు, నడుముకు కట్టుకునే చిన్న సంచీలో ఇంకొకటి. ఇంటికొచ్చి ఉడికించిన శనగలు, వేరుశనగ ముద్ద రాసిన రొట్టె. ఒళ్లు తేలికైంది, నిద్ర పట్టింది.

అప్పుడొకరోజు, నీళ్లకని వంటింట్లోకి వెళ్తే, అత్తగారు కోడలి పప్పుచారు గిన్నెలో పాలపొడి కలుపుతూ కనబడింది!

ఆ ఇంట్లో వంటగది అత్తగారిది, కుట్టుమిషను కోడలిది. పెళ్లయిన నాటి నుంచీ పంపకం అదే. ఎన్నాళ్ల నుంచి కలుపుతోందో అడగలేదు, అరవలేదు. కానీ ఆ రోజు నుంచి పొయ్యి మీద ఉడికిన దేన్నీ ముట్టుకోలేదు. తన చేత్తో తరుక్కున్న దోసకాయ ముక్కలు, ఒక యాపిలు, రెండు ఎండు రొట్టె ముక్కలు... అంతే. గింజల్లో కొవ్వుంటుందని భయపడి అవీ మానేసింది. చుట్లు మాత్రం నాలుగు నుంచి ఆరు, ఆరు నుంచి పది. ఒళ్లు తగ్గేకొద్దీ భయం తగ్గాలి కదా! పెరిగింది...

"ఏమే, ఆ దోసకాయకి కూడా ప్రాణముంటుందేమో అడిగి తిను!" అనేది అత్తగారు, కోడలు సగం వదిలేసిన కంచం తీస్తూ. ఆ కంచం వంక ఎందుకో చాలాసేపు చూసేది.

ఎలాగో కాళ్లీడ్చుకుంటూ బడికి చేరేసరికి, పిల్ల నానమ్మ ఒళ్లో కూర్చుని పంచదార నీళ్లు తాగుతోంది. ఒకటో తరగతి. ఇంట్లో ఎప్పుడూ గెంతుతూ ఉంటుందని 'మిడత' అని పేరు. ఆ మిడత ఇప్పుడు రెక్కలు ముడుచుకున్నట్టు ముడుచుకుపోయి ఉంది!

"నాలుగు రోజులుగా మధ్యాహ్నం డబ్బా తెరవడం లేదండీ," అంది టీచరమ్మ. "అడిగితే కడుపు నిండిందంటుంది. మీరు ఇంట్లో ఏమైనా..."

"లేదండీ! డబ్బా ఖాళీగానే వస్తోంది!" అని ఆగిపోయింది ఆమె. తల గిర్రున తిరిగింది. మెల్లగా అత్తగారి వైపు తిరిగింది. "దీని డబ్బాలో ఏం కలిపారు అత్తయ్యా? చెప్పండి... నా గిన్నెలో కలిపినట్టు దీనికేం పెట్టారు?"

టీచరమ్మ ఎదుటే అడిగేసింది! ఎదురు దెబ్బలాంటి జవాబు వస్తుందనుకుంది. రాలేదు. అత్తగారు పిల్లను ఇంకా దగ్గరకు పొదువుకుంది.

ఇంటికొచ్చాక పిల్లను పడుకోబెట్టారు. లిఫ్టులు బాగుచేసే పనిలో ఉన్న భర్తకు ఫోను చేస్తే, "వచ్చేస్తున్నా, వచ్చేస్తున్నా" అన్న మాట ముక్కలు ముక్కలుగా వినిపించింది. ఆమె మంచం పక్కన నేల మీద కూర్చుంది. పిల్ల ఊపిరి లెక్కపెడుతోంది. ఒక్కొక్కటీ వచ్చేదాకా తన ఊపిరి బిగబట్టుకుని...

అప్పుడే కనబడ్డాయి చీమలు.

నేల మీద బారు కట్టి, తలుపు చట్రం ఎక్కి, తలుపు వెనక మేకుకు వేలాడుతున్న సంచీలోకి పోతున్నాయి. పరుగులో నడుముకు కట్టుకునే సంచీ! అరటిపండు మానేశాక దాంతో పనేముంది, నెలల తరబడి ఒట్టిగా వేలాడుతోంది. లేచి జిప్పు లాగింది.

నోట్‌బుక్కు కాగితాల్లో పొట్లాలు. ఒకదాంట్లో వేరుశనగ ముద్ద రాసిన రొట్టె, మూలలు ఎండిపోయి. ఇంకోదాంట్లో ఉడికించిన శనగలు, జిగురు పట్టి. నల్లబడిన సగం యాపిలు. నాలుగు రోజుల డబ్బా!

"అమ్మా... తిన్నావా?"

మంచం మీంచి వచ్చిందా సన్నని గొంతు. ఆమె ఉలిక్కిపడి తిరిగింది.

"ఇవన్నీ నువ్వే పెట్టావా తల్లీ? ఎందుకు?"

"నువ్వు ఆ రోజు మనింటి మెట్ల మీద పడిపోయావు కదా... నానమ్మకీ నాన్నకీ చెప్పొద్దన్నావు. నేను చెప్పలేదు, ఒట్టు! పరుగెత్తేటప్పుడు ఆకలేస్తే నువ్వు సంచీలోంచి తీసుకుని తింటావు కదా ఇదివరకు... అందుకని నా డబ్బాలోది బళ్లోంచి తెచ్చి ఇందులో పెట్టాను. నువ్వు రోజూ తినట్లేదు. నువ్వు తినకపోతే నేనెట్లా తింటాను?" పిల్ల కళ్లు నీళ్లతో నిండాయి. "నువ్వు చెప్తావు కదా, మీ అమ్మలాగా నువ్వు కూడా పడిపోతావా అమ్మా? దుప్పటి పట్టుకోవడం నాకు రాదు..."

ఏ భయం తన కూతురిని తాకకూడదని పరుగెత్తిందో, ఆ భయాన్నే తన చేత్తో ఆ పసిదాని కడుపులో పెట్టిందా!

గుమ్మంలో స్టీలు గ్లాసు కింద పడి దొర్లింది. అత్తగారు!

"పడిపోయావా? ఎప్పుడు? మెట్ల మీదా? నాకు చెప్పలేదే!"

"చెబితే పరుగు మానమంటారని..."

"మానమంటాను! చంపేస్తాను నిన్ను!" అరిచిందావిడ. అరిచి, అక్కడే గోడకు చేరగిలబడి ఏడ్చేసింది. పెళ్లయిన ఎనిమిదేళ్లలో అత్తగారు ఏడవడం కోడలు చూడటం అదే మొదటిసారి.

"ఇరవై ఆరేళ్లు ఆసుపత్రి వంటశాలలో పనిచేశానమ్మాయ్. ప్రతి కంచం మీదా మంచం నంబరుతో చీటీ పెట్టి పంపేవాళ్లం. తిరిగొచ్చాక ఆ చీటీ మీదే 'తిన్నారు', 'తినలేదు' అని రాయాలి. రెండు రోజులు కంచం అలాగే తిరిగొచ్చిందంటే నాకు ఆ గదివైపు పోవాలంటే కాళ్లాడేవి కావు... నీ కంచం మూడు నెలలుగా అలా తిరిగొస్తోంది నాకు! మొదట్లో నువ్వు బాగానే తినేదానివి. కానీ బుగ్గలు లోపలికి పోవడం చూసి నాకు పిచ్చెక్కింది. పాలపొడి కలిపాను. ఒప్పుకుంటున్నా! నీ తిండి నీ ఇష్టం, దొంగతనంగా కలపడం నా తప్పు. నావల్లే నువ్వు అన్నం ముట్టడం మానేశావు... ఆ సంగతి నాకు ఆ రోజే తెలుసు. నోరు విప్పి చెప్పుకోలేకపోయాను."

ఆమె చీమలు పట్టిన సంచీని అక్కడే వదిలేసి వెళ్లి అత్తగారి వాచిన మోకాళ్ల మీద తల పెట్టుకుంది. "నాక్కూడా భయమే అత్తయ్యా... తింటే చచ్చిపోతానని భయం. మానేస్తే కూడా భయం. ఏం చెయ్యను?"

"చేసేదేముంది, రేపు డాక్టరు దగ్గరికి పోదాం," అని ముక్కు చీదుకుందావిడ. "ఇద్దరం కలిసి భయపడదాం. ఒక్కదానివే భయపడితే ఇదిగో, ఇలాగే ఏడుస్తుంది."

డాక్టరమ్మ రక్తం పరీక్ష చూసి తల పట్టుకుంది. కొవ్వు ఎప్పుడో దిగిపోయింది. రక్తమే లేదు! "వీగన్‌గా ఉంటే ఉండమ్మా, తప్పేం లేదు. కానీ తినకుండా ఉండటం వీగన్ కాదు," అంది. రక్తానికి మాత్రలు, బి12 మాత్ర రాసిచ్చింది. ఆరు వారాలు పరుగు బంద్, నడక మాత్రమే. పిల్లకు మాత్రం నానమ్మ పెట్టేదే పెట్టమంది. పాలు, గుడ్డు అన్నీ.

అత్తగారు పాలపొడి డబ్బా చక్కెర డబ్బాల వెనక నుంచి తీసి, పిల్ల కోసమని పెద్ద పెద్ద అక్షరాలతో కాగితం అంటించి పై అరలో పెట్టింది. తర్వాత వంటింట్లో ఒక స్టూలు వేసి, "ఇకనుంచి నా వంట నువ్వు చూస్తుండగానే," అంది. కంచంలో నాలుగో వంతు పప్పో బీన్సో, ఇంకో నాలుగో వంతు అన్నమో రొట్టో, మిగిలిన సగం కూరలు. పైన నువ్వులు, వేరుశనగలు ఒక గుప్పెడు. ఆకుకూర మీద నిమ్మరసం, అప్పుడే దాంట్లో ఇనుము ఒంటికి పడుతుందట! గింజలు చూసి మొదటిరోజు ఆమె వేళ్లు వెనక్కి పోయాయి. అత్తగారు తనే ఒక గింజ నోట్లో వేసుకుని నమిలింది. ఆమె కూడా వేసుకుంది. మింగడానికి చాలాసేపు పట్టింది.

ఆరు వారాల తర్వాత మొదటిసారి మైదానానికి వెళ్లినప్పుడు ముగ్గురూ కలిసే వెళ్లారు. ముందు అరటిపండు. తర్వాత రెండు చుట్లు, అంతే. బెంచీ మీద గొడుగు, డబ్బా పట్టుకుని అత్తగారు, పక్కన మిడత. రెండో చుట్టులో ఆమె గుండె దడదడలాడింది. వెంటనే ఆ తడి దుప్పటి కళ్ల ముందుకొచ్చింది... ఆ భయం పోలేదు. బహుశా ఎప్పటికీ పోదు! కానీ ఈసారి దాన్ని దాటిపోవాలని ఆమె ఇంకా వేగంగా ఉరకలేదు. నడకలోకి దిగి, ఊపిరి తీసుకుని, బెంచీ దగ్గరికి వచ్చింది.

"అయిపోయిందా? నత్త నయం!" అంది అత్తగారు, డబ్బా మూత తీస్తూ.

శనగలు, రొట్టె. తినేంతసేపూ నాలుగు కళ్లు ఆమె నోటినే చూస్తున్నాయి. చివరి గింజ కూడా అయ్యాక మిడత డబ్బా లాక్కుని, లోపలికి తొంగి చూసి, వేలితో అడుగంతా తడిమి చూసింది. అప్పుడు నానమ్మ రవికలోంచి తీసిచ్చిన చీటీ తొడ మీద పెట్టుకుని, నాలుక బయటపెట్టి, వంకర టింకర అక్షరాలతో రాసింది.

'అమ్మ తిన్నది.'

రాసి, తన డబ్బా తెరుచుకుని తినడం మొదలుపెట్టింది.