ఇరవై రెండో అంతస్తులో ఊయల

ఆ వంకర బిల్డింగు పేరెత్తితే చాలు, టాక్సీవాళ్లు మలుపులోనే దింపేసి పోతారు. పై అంతస్తుల్లో ఎవరో ఆవిడ తిరుగుతోందని... గాలి లేస్తే మూలుగుతుందని... నేను దెయ్యాల్ని నమ్మేవాణ్ణి కాదు, ముందే చెప్తున్నా. ఆ బిల్డింగుకి లెక్కలు కట్టిన ఇంజనీరుది మా ఆఫీసులో నా పక్క బల్లే. అతను చెప్పింది చెప్పినట్టు చెప్తున్నాను.

అతని చెల్లెలి కాపురం అక్కడే, ఇరవై రెండో అంతస్తులో. మూడు నెలల పాప. ఓ గాలివాన రోజు చీకటిపడ్డాక ఫోన్ చేసింది.

"అన్నయ్యా... ఒకసారి రావా? ఆయన ఊళ్లో లేరు."

అతను లిఫ్టు దిగాడో లేదో, కరెంటు పోయింది. మెట్ల వైపు నుంచి సన్నగా మూలుగు... ఆగి... మళ్లీ. చెల్లెలు కొవ్వొత్తితో తలుపు తీసింది. భుజమ్మీద పాప. పడగ్గది చూపించింది.

కిటికీలన్నీ మూసే ఉన్నాయి. కర్టెన్లు కదలడం లేదు. పైకప్పు కొక్కానికి వేలాడుతున్న ఖాళీ ఊయల మాత్రం — తనంతట తనే — ఇటు... అటు...

అయినా లెక్కలవాడి అలవాటు ఎక్కడికి పోతుంది? వాచీ చూశాడు. మూడు సెకన్లకోసారి. స్నానాల గదిలోకి వెళ్లాడు. బకెట్లో నీళ్లూ అంతే... ఇటు... అటు... పైన దూలానికి వేలు పట్టేంత పగులు.

అప్పుడర్థమైందట. బిల్డింగే ఊగుతోంది!

తిన్నగా పెట్టెలా ఉండే బిల్డింగుని గాలి ఎంత తోస్తుందో పుస్తకంలో పట్టికలుంటాయి. వంకరవాటికి ఉండవు. చిన్న నమూనా చేసి, దానిమీద గాలి వదిలి చూడాలి. టైం లేదన్నారు పైవాళ్లు. ఇతను ఆ వంకర చుట్టూ ఓ పెట్టె గీయించి, ఆ పెట్టెకి లెక్క కట్టి సంతకం పెట్టేశాడు. ఆ పెట్టె గీసింది నేనే.

మర్నాటి నుంచి కనబడ్డవాళ్లందరికీ చెప్పాడు. ఆఫీసులో నోర్మూసుకోమన్నారు. బిల్డింగువాళ్లు పగులుకి రంగేయించారు. చెల్లెలి మొగుడైతే పకపకా నవ్వాడు. "సంతకం మీదేగా బావగారూ!"

ఏం చేస్తాడు పాపం? దెయ్యం ఉందని పుకారు పుట్టించాడు. అది మాత్రం నమ్మారు! సగం బిల్డింగు ఖాళీ అయింది. చెల్లెలు కదల్లేదు. నిన్న సాయంత్రం గాలి వీస్తుంటే వెళ్లి కాళ్లు పట్టుకున్నంత పని చేశాడట.

"ఇంట్లో దెయ్యం ఉందే! పాపని తీసుకుని వచ్చెయ్యవే, నీకు పుణ్యం ఉంటుంది."

"నాకు తెలీదా ఏంటి!" అందట. "మొదట్లో హడలిపోయాను. ఇప్పుడు ఆవిడ ఊపితేగానీ ఇది నిద్రపోదు. నాకూ కాస్త కునుకు పడుతోంది. ఆవిణ్ణి వదిలి ఎక్కడికి పోను?"

"దెయ్యం లేదే... నా తప్పే అదంతా..."

"ష్... పాప లేస్తుంది."

అతను మళ్లీ వాచీ చూశాడు. ఊపు మూడు సెకన్లు పోయి నాలుగైంది. బిగువు సడలితేనే ఊపు నెమ్మదిస్తుంది; అంటే లోపల ఇంకేదో విరిగింది.

ఇవాళ అతను నాకిదంతా చెప్తుండగానే బయట గాలి లేచింది. అప్పట్నుంచి చెల్లెలికి ఫోన్ చేస్తూనే ఉన్నాడు. ఎత్తడం లేదు... పాప నిద్రపోయేటప్పుడు ఆ అమ్మాయి ఫోన్ శబ్దం తీసేస్తుంది.